అతుకుల చీటీ

ఆ రోజు ఉదయం కొట్టు తలుపులు తీస్తూ ఇల్లాలు వేసుకున్న పథకం చాలా మామూలుది. పెద్దటీచరు తెస్తానని కబురు పెట్టిన కోటు ఇస్త్రీ అయిపోవాలి, సాయంత్రం ఆవిడ వచ్చి దాన్ని తీసుకెళ్ళాలి, ఈ మధ్యలో మొగుడు కంప్యూటరు జోలికి పోకూడదు. మొదటి రెండూ ఆమె చేతిలో ఉన్నవే. మూడోదానికి మాత్రం దేవుడి మీద భారం వేసింది.

ఆ మొగుణ్ణి వీధి వీధంతా గడియారం అంటారు. బళ్ళో చదివే రోజుల్లో, గోడగడియారంలో టిక్కుటిక్కుమంటున్నది ఏమిటో చూద్దామని దాన్ని దించి విప్పాడు. విప్పడం వచ్చింది, బిగించడం రాలేదు. అప్పుడు పెద్దటీచరు బెత్తం ఎత్తలేదు. "ఒరేయ్ గడియారం" అని పిలవడం మాత్రం మొదలుపెట్టింది. దెబ్బలైతే మానిపోయేవి, పేరు మానలేదు. పెళ్ళయ్యాక అతను రేడియో విప్పాడు, తలుపు తాళం విప్పాడు, ఒకసారి భార్య కుట్టుమిషను కూడా విప్పాడు. చెడ్డ ఉద్దేశం ఎప్పుడూ లేదు. లోపల ఏముందో తెలియకపోతే అతనికి అన్నం సహించదు, అంతే.

వాళ్ళది బట్టలు సరిచేసి, కుట్టి, ఇస్త్రీ చేసిచ్చే కొట్టు. ముందు గదిలో కౌంటరు, దాని మీద కంప్యూటరు, పక్కనే చీటీలు ముద్రించే చిన్న ప్రింటరు. వెనక పొడుగాటి గదిలో కటింగ్ మాస్టరు బల్ల, ఇల్లాలి పిన్నిగారి కుట్టుమిషను. ఆ వెనక ఇస్త్రీ చేసే ఆవిరి గది. కొట్టు నడిపేది ఇల్లాలు. మిగతా ముగ్గురూ ఆమె నడిపినట్టు నడిచేవాళ్ళు.

వెనక గది గోడ మీద ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు ఉంటుంది. "చీటీలో ఉన్నదే చేయాలి. అడగరాదు. ఆలోచించరాదు." ఈ బోర్డుకు కారణం పిన్నిగారే. ఒకసారి ఆవిడ ఒక డాక్టరుగారి తెల్లకోటు చూసి, దీనికి జేబులు అందంగా లేవని తనంతట తానే ఆలోచించి తీసేసింది. డాక్టరుగారు రోగుల మధ్య నిలబడి లేని జేబులో స్టెతస్కోపు పెట్టుకున్నారు. అది నేల మీద పడింది, కొట్టు పరువు దానితో పాటే పడింది. మర్నాడు బోర్డు లేచింది. అప్పటినుంచి చీటీలో ఏముంటే అదే వేదం.

చీటీలు ముద్రించే ఏర్పాటు ఇల్లాలి తమ్ముడు చేసిపెట్టాడు. కంప్యూటర్ల ఉద్యోగం అతనిది. బ్యాచ్ ఫైలు అని ఒకటి రాసిచ్చాడు. అదేమీ బ్రహ్మపదార్థం కాదు. ఇది చెయ్యి, తర్వాత ఇది చెయ్యి అని కంప్యూటరుకు వరసగా పురమాయించి పెట్టిన కొన్ని వాక్యాలు. పొద్దున ఇల్లాలు టైపు చేసిన వివరాల్లోంచి ఒక్కో కస్టమరునూ తీసుకుని, పేరూ పనీ కలిపి, చీటీగా బయటకు తోస్తుంది. ఆ వాక్యాలు కనిపించే నల్ల తెరను మొదటిసారి చూసిన రోజే గడియారం మనసు పారేసుకున్నాడు. రెండు మాటలు కలవాలంటే మధ్యలో ఏం పెట్టాలి? కూడిక గుర్తు పెట్టి చూశాడు. "కోటు+ఇస్త్రీ" అని ఆ గుర్తుతో సహా చీటీ వచ్చింది. ఆగలేక బావమరిదికి ఫోను చేశాడు.

"ఏమీ పెట్టక్కర్లేదు బావా. పక్కపక్కన రాసెయ్, అవే అతుక్కుంటాయి."

"దారం లేకుండానా?"

"దారం లేకుండానే."

దర్జీల మధ్య బతికే మనిషికి ఇది చిన్న వార్త కాదు. ఆ వారమంతా అతను కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు. వినేవాళ్ళు కరువయ్యాక ఆవిరి గదిలో ఇస్త్రీపెట్టెకు చెప్పాడు.

ఇంతకీ ఆ ఉదయం. ముందుగా బేకరీ ఆయన వచ్చి నిలదీశాడు. "పోయినసారి బొత్తాలు మార్చమన్నాను, రెండు జేబులు కుట్టమన్నాను. జేబులొక్కటే కుట్టారు, అవీ ఊడిపోయాయి. నా బొత్తాలేవమ్మా?" అని పాత తెల్లకోటే మళ్ళీ కౌంటరు మీద పెట్టాడు. ఇల్లాలు క్షమాపణ చెప్పి, రెండు పనులూ మళ్ళీ టైపు చేసింది. తర్వాత సర్కస్ బ్యాండు మాస్టరు వచ్చి తన జాకెట్టు భుజాలకు బంగారు అంచు కావాలన్నాడు. నాటకాలవాళ్ళు పిల్లి వేషం తెచ్చి, తోక ఊడిపోయింది, కొత్తది కుట్టమన్నారు. పోస్టుమాన్ కొత్త యూనిఫాం ఇచ్చి చేతులు పొట్టి చేయమన్నాడు. అందరి వెనకా, కర్ర ఆనించుకుంటూ పెద్దటీచరు వచ్చింది.

"సాయంత్రం నాకు సన్మానమట. ఈ కోటుకి ఇస్త్రీ చాలు. ఇంకేం చెయ్యొద్దు," అని ఊదారంగు కోటు కౌంటరు మీద పెట్టింది. ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్న కోటు అది. ఒక్క మరక లేదు. తర్వాత గడియారం వంక కాస్త ఎక్కువసేపే చూసింది. "ఏరా, సాయంత్రం దాకా నువ్వు ఇక్కడే ఉంటావుగా?"

"ఇక్కడే ఉంటానండీ!"

"మంచిది," అని వెళ్ళిపోయింది.

గడియారం ఛాతీ ఉబ్బింది. చిన్నప్పటినుంచీ అతనికి ఒకటే కోరిక. విప్పినవాడిగా కాక, ఏదో ఒకటి అతికినవాడిగా ఒక్కసారి ఆవిడ కంట్లో పడాలి. ఇల్లాలు ఆ ఛాతీని చూసింది, చూసి భయపడింది.

"ఏమండీ, ముందే చెప్తున్నా. ఇవాళ ఆవిడ కోటుకి ఏమన్నా అయితే ఈ కంప్యూటరుని మా తమ్ముడికి పార్సిల్ చేసేస్తాను. చీటీలు చేత్తోనే రాసుకుంటాం. మీరు జన్మలో మళ్ళీ ఆ నల్ల తెర చూడరు."

"నేను దాన్ని ముట్టుకుంటే కదా!"

ఆమె ఫోను మోగి అటు తిరిగింది. ఇతను ఇటు తిరిగి ముట్టుకున్నాడు.

నిజానికి అతని మనసులో ఉన్నది బేకరీ ఆయన బొత్తాలే. అవి ఎక్కడికి పోయాయి? వెతగ్గా వెతగ్గా దొరికాయి. బ్యాచ్ ఫైలులో 'పని' అని పేరుపెట్టిన చోటు ఒకటి ఉంది, డబ్బా అనుకోండి. కస్టమరు పని అందులో వేస్తుంది, చీటీ ముద్రించేటప్పుడు అందులోంచి తీస్తుంది. రెండో పని వేసేసరికి మొదటి పని ఎగిరిపోతోంది. మరైతే కొత్త పని వేసేటప్పుడు పాత పనిని కూడా పక్కనే చేర్చి రెండూ కలిపి వేస్తే? దారం అక్కర్లేదుగా! గడియారం ఆ వాక్యాన్ని మార్చాడు. పని అంటే, ఇప్పటిదాకా ఉన్న పని, దాని పక్కన ఈ కొత్త పని. బేకరీ ఆయన ఒక్కడి చీటీ తీసి చూశాడు. "బొత్తాలు మార్చాలి, రెండు జేబులు కుట్టాలి." ముత్యాల్లా వచ్చాయి రెండూ. ఎగిరి గంతేయాలనిపించింది. మిగతా చీటీలకు మీట నొక్కి, ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే ప్రాణం నిలవదని, వీధి చివర టీ కొట్టుకు పరిగెత్తాడు.

వెనకాల ప్రింటరు కిర్రుకిర్రుమంటూ పని మొదలుపెట్టింది. బ్యాండు మాస్టరు చీటీ జానెడు వచ్చింది. పిల్లి వేషం చీటీ ఇంకాస్త వచ్చింది. పెద్దటీచరు చీటీ కౌంటరు దిగి నేల మీద పాకింది. ఇల్లాలు ఫోనులో ఉంది. పిన్నిగారు వచ్చి చీటీలు చింపి, ఎవరి బట్టలకు వాళ్ళ చీటీ గుండుసూదితో గుచ్చి, వెనక గదికి పట్టుకెళ్ళింది.

"మాస్టారూ, పోస్టుమాన్ యూనిఫాంకి తోకేమిటండీ?"

కటింగ్ మాస్టరు కత్తెర ఆపకుండా అడిగాడు, "గోడ మీద ఏముంది?"

"ఆలోచించరాదు."

"మరి?"

పిన్నిగారు కళ్ళజోడు తుడుచుకుని మిషను ముందు కూర్చుంది. బంగారు అంచు కుట్టింది. నల్ల మఖమలు గుడ్డలో దూది కూరి తోకలు చేసింది. మొదటి తోక చేసేటప్పుడు కాస్త బెరుకుగా ఉంది కానీ, మూడోదానికి చెయ్యి తిరిగింది.

మధ్యాహ్నం పోస్టుమాన్ పరుగున వచ్చాడు. పిన్నిగారు మడతపెట్టి ఇచ్చిన యూనిఫాం తెరచాటున వేసుకుని, అద్దం చూసుకునే తీరిక కూడా లేక అంతే పరుగున వెళ్ళాడు. భుజాలు బరువుగా అనిపిస్తే కొత్త బట్ట కదా అనుకున్నాడు. కాసేపటికే తిరిగొచ్చాడు. ఈసారి పరుగు లేదు. వెనకాల ఒక వీధికుక్క వచ్చి, గుమ్మం దగ్గర మర్యాదగా కూర్చుంది.

"అమ్మా," అన్నాడు నెమ్మదిగా. "దారిలో ఇద్దరు సెల్యూట్ కొట్టారు. మా ఆఫీసులో నాకు ప్రమోషన్ వచ్చిందేమో అనుకున్నారు. వెనక్కి తిరిగేసరికి కాదని వాళ్ళకే అర్థమైంది."

అని వెనక్కి తిరిగి చూపించాడు. ఇల్లాలు ముందు తోక చూసింది. తర్వాత జేబులు, బొత్తాలు, బంగారు అంచు చూసింది. ఆ తర్వాత పెద్దటీచరు కోటు గుర్తొచ్చి, వెనక గదిలోకి పరిగెత్తింది.

కోటు మాస్టరు బల్ల మీద ఉంది. ఊదారంగు ఒక్కటే పాతది. బేకరీ బొత్తాలు వరసగా మెరుస్తున్నాయి. ఎదర రెండు జేబులు, భుజాల మీద సర్కస్ అంచు. చేతులు మోచేతుల దాకా పైకి వెళ్ళాయి. అన్నిటికీ చివర పిన్నిగారు తోక కుట్టి, దారం పంటితో కొరుకుతోంది.

"చీటీలో ఉన్నట్టే చేశామమ్మా. చివర్లో ఇస్త్రీ అని కూడా ఉంది. అదొక్కటే మిగిలింది," అన్నాడు మాస్టరు.

సరిగ్గా అప్పుడే గడియారం పొద్దుట్నించీ టీ కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ తన ఘనకార్యం చెప్పి, చల్లగా వచ్చాడు. లోపలి దృశ్యం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మీరు ముట్టుకున్నారా?" అంది భార్య. గొంతు పెంచలేదు. అదే భయం.

"ముట్టుకోలేదు... అతికాను, అంతే."

తర్వాతి సంగతి చెప్పాలంటే, ఇల్లాలు ఏడవలేదు, తిట్టలేదు. సూదులు పంచింది. కుట్లు విప్పడానికి అందరూ కూర్చున్నారు. బయట పోస్టుమాన్ కూడా, వేరే దారి లేక, తన తోక తనే విప్పుకుంటూ కూర్చున్నాడు. మాస్టరు చేతి చలవ వల్ల ఒక్క మేలు జరిగింది. ఎంత పొట్టి చేయమన్నా ఆయన గుడ్డ కత్తిరించడు, లోపలికి మడిచి కుడతాడు. రేపు మనసు మారితేనో అని ఆయన భయం. ఆలోచించకూడదన్న గోడ కింద కూర్చుని ఆయన ఇన్నాళ్ళూ దొంగతనంగా ఆలోచిస్తున్నాడని ఆ రోజే బయటపడింది. ఇల్లాలు ఆయనకు మంచినీళ్ళు తనే తెచ్చిచ్చింది.

గడియారం కూడా కుట్లు విప్పాడు. విప్పడంలో అతనికి సాటి లేరు కదా. కానీ పాత బొత్తాలు తిరిగి కుడుతుంటే మాత్రం ఒక్కో కుట్టూ రెండేసి సార్లు చూసుకున్నాడు. నల్ల తెర పోతుందని బెంగ ఉంది. అంతకంటే, ఆవిడ మళ్ళీ "ఒరేయ్ గడియారం" అని అదే గొంతుతో అంటుందేమో అన్న దిగులు ఎక్కువగా ఉంది. ఇన్నేళ్ళకు ఒకటి అతికితే అది ఇలా తగలడింది. అంత దిగులులోనూ మనిషి ఊరుకోలేకపోయాడు. మెల్లగా లేచి, బట్టల మీంచి తీసిన చీటీలన్నీ నేల మీద వరసగా పరిచాడు.

"ఇటు చూడండి! ఒక్కో చీటీ దానిముందు చీటీని మొత్తం ఎత్తుకొచ్చింది! పోస్టుమాన్ దాంట్లో పిల్లి ఉంది, పిల్లి దాంట్లో బ్యాండు ఉంది, బ్యాండు దాంట్లో..."

"అల్లుడూ," అంది పిన్నిగారు, "మా అమ్మాయి చేతిలో సూది ఉంది. కూర్చో నాయనా."

కూర్చున్నాడు.

సాయంత్రానికి కోటు తన కోటులా అయింది. పాత బొత్తాలు పాత కాజాల్లోకి వెళ్ళాయి. కుట్ల గుర్తులు ఆవిరికి మాయమయ్యాయి. ఇల్లాలు స్వయంగా ఇస్త్రీ చేసి, హ్యాంగరుకు తగిలించి, వెలుగులో నిలబెట్టి చూసింది. పొద్దున ఎలా వచ్చిందో అలాగే ఉంది. అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. కర్ర చప్పుడు వినిపించింది.

పెద్దటీచరు కోటును ముందు చూసింది, వెనక చూసింది, భుజాలు తడిమింది, లోపలి అస్తరు తిప్పి చూసింది. చూసే కొద్దీ ఆవిడ ముఖం వాడిపోయింది.

"ఏమీ కాలేదా?"

"ఏమీ కాలేదండీ, చాలా జాగ్రత్తగా..." ఇల్లాలి మాట పూర్తి కాలేదు.

"కాలలేదూ? ఎక్కడా చిరగలేదూ?" ఆవిడ గడియారం వైపు తిరిగింది. "ఏరా, నువ్వు పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నావా? ఏమీ ముట్టుకోలేదా?"

ఆ చూపు ముందు అబద్ధం చెప్పినవాడు ఆ బడిలో లేడు. గడియారం మొత్తం చెప్పేశాడు. పొడుగాటి చీటీ తెచ్చి చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, పైనుంచి కింద దాకా చదివింది. తోక దగ్గర ఆగింది. ముందు పెదాలు కదిలాయి, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత ఆవిడ కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"మా ఇంటి కిందే ఇస్త్రీ కొట్టు ఉందిరా. ఇంత దూరం కోటు మోసుకుని ఎందుకొచ్చాననుకున్నావు? నువ్వున్నావని వచ్చాను. నీ చేతిలో పడ్డాక అది తిరిగి తిన్నగా రాదని నా నమ్మకం. కోటు పాడైంది, సన్మానానికి రాలేనని చెప్పేసి హాయిగా ఇంట్లో పడుకుందామనుకున్నాను."

"అదేంటండీ, సన్మానమేగా!" అంది ఇల్లాలు.

"సన్మానం ఎలా ఉంటుందో నీకు తెలీదమ్మా. మొదటివాడు లేచి పొగుడుతాడు. రెండోవాడు లేచి, మొదటివాడు చెప్పిందంతా చెప్పి, తనది ఒక ముక్క కలుపుతాడు. మూడోవాడు ఆ రెండూ చెప్పి మూడోది కలుపుతాడు. అచ్చం ఈ చీటీయే. చివరివాడు లేచేసరికి నాకు నడుం పట్టేస్తుంది." అని గడియారాన్ని దగ్గరికి పిలిచింది. "ఏదీ, ఆ నల్ల తెర చూపించు."

చూపించాడు. ఆవిడకు కంప్యూటరు రాదు. అయినా అడుగుతూ పోయింది.

"బేకరీవాడి చీటీ అయిపోయింది. బ్యాండువాడు వచ్చాడు. ఈ డబ్బాలో అప్పటికి ఏముంది?"

"బేకరీ ఆయన పనులండీ."

"వాటిని ఎవరు తీశారు?"

గడియారం తెర మీద వాక్యాలన్నీ వేలుతో వెతికాడు. "ఎవరూ తీయలేదండీ."

"అదీ సంగతి! పలక తుడవకుండా రెండో లెక్క మొదలుపెట్టావు. కొత్త మనిషి రాగానే ముందు పలక తుడువు. అదే మనిషికి రెండో పని ఉంటే మాత్రం తుడవకు."

గడియారం బావమరిదికి ఫోను చేసి, తుడవడం ఎలాగో అడిగాడు. పని అని రాసి, సమానం గుర్తు పెట్టి, ఆ తర్వాత ఏమీ రాయకుండా వదిలేయమన్నాడు అతను. ఏమీ రాయకపోవడం కూడా ఒక పనేనా అని గడియారం కాసేపు ఆశ్చర్యపోయి, అలాగే చేశాడు. చీటీలు మళ్ళీ వచ్చాయి. పోస్టుమాన్‌కు చేతులు, పిల్లికి తోక, పెద్దటీచరుకు ఇస్త్రీ. ఎవరి పని వాళ్ళకే, బేకరీ ఆయనకు మాత్రం రెండూ. ఆవిడ ఆ చీటీలు చూసి, అతని వీపు మీద చిన్నగా తట్టింది.

"విప్పినవాడివే అనుకున్నాను. అతకడం కూడా వచ్చిందిరా."

గడియారం కళ్ళు తుడుచుకోవడానికి ప్రింటరు వెనక్కి వంగి, తీగలేవో సర్దుతున్నట్టు నటించాడు. ఇల్లాలు చూసింది. కంప్యూటరు పార్సిలు మాట మళ్ళీ ఎత్తలేదు.

పెద్దటీచరు లేచి పొడుగాటి చీటీని కోటు మీద పెట్టింది. "ఇక ఇది కానివ్వండి."

"ఏది కానివ్వాలండీ?" అన్నాడు మాస్టరు.

"చీటీలో ఉన్నదే చేయాలి, అడగరాదు. మీ గోడ మీద ఉన్నదేగా?"

విప్పిన నలుగురూ మళ్ళీ కుట్టడానికి కూర్చున్నారు. ఈసారి జేబులు, అంచు, తోక అన్నీ ముందుకంటే త్వరగా అయ్యాయి. ఆవిడ కోటు తొడుక్కుని, అద్దంలో చూసుకుని, చాలా తృప్తిగా ఫోను అందుకుంది. నంబరు నొక్కేలోపే గుమ్మం ముందు కారు ఆగింది. సన్మాన సంఘం కార్యదర్శి దిగాడు. అతనూ ఆవిడ శిష్యుడే. ఇంటికి వెళితే ఆవిడ ఇక్కడ ఉందని చెప్పారట.

"అయ్యో నాయనా," అంది పెద్దటీచరు, గొంతులో ఎక్కడలేని విచారం తెచ్చుకుని. "చూడు నా కోటు గతి. ఇలా నేను పదిమంది ముందుకు ఎలా రానూ?"

కార్యదర్శి చుట్టూ తిరిగి చూశాడు. అంచు చూశాడు, జేబులు చూశాడు, తోక దగ్గర ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఏం పర్లేదండీ. వేదిక మీద కూర్చునే ఉంటారుగా, తోక కనబడదు."

మారుమాటకు తావివ్వకుండా కారెక్కించాడు. వెనకాలే కొట్టు మూసి అందరూ వెళ్ళారు. పెద్దటీచరు వేదిక మీద, తోక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదటి వక్త లేచి ఆవిడ క్రమశిక్షణను పొగిడాడు. రెండో వక్త క్రమశిక్షణను పొగిడి, ఓర్పును కలిపాడు. మూడో వక్త క్రమశిక్షణ, ఓర్పు అయ్యాక దయ దగ్గరికి వచ్చాడు. జనంలో కూర్చున్న గడియారం ఇక ఉండబట్టలేక భార్య చెవిలో గొణిగాడు.

"వీళ్ళకి పలక తుడవడం ఎవరూ నేర్పలేదే!"

వక్తలందరికీ ఒకటో తరగతి చెప్పింది పెద్దటీచరే.